మా కోడలు ఉజ్వల, ఆ జపాన్ ఫిరంగి బండి

మా కోడలు ఉజ్వల గురించి చెప్తా వినండి. నెమ్మదిగా చెప్పమంటే మాత్రం నా వల్ల కాదు. నాకింకా కోపం దిగలేదు.

ఉజ్వలది ఖమ్మం. మాది తెనాలి. మావైపు అత్తయ్యా అంటారు, ఇది వచ్చిన రోజు నుంచీ అత్తమ్మా అంటది. మొదట్లో చెవికి అదోలా ఉండేది గానీ, ఇప్పుడింకెవరన్నా అత్తయ్యా అంటే నన్ను కాదేమో అనుకుంటున్నా. ఇక్కడ అమెరికాలో, నోవై అనే ఊళ్ళో కార్ల కంపెనీలో పని దానిది. కారు గుంటలో పడ్డప్పుడు మన నడుం విరక్కుండా చక్రాల పైన ఏదో సామాను ఉంటది చూడండి, అది గీసే పని. మంచు కరిగాక ఈ ఊరి రోడ్ల మీద గుంటలు చూస్తే తెలుస్తది, ఆ పని ఎంత అవసరమో.

అమెరికా రాకముందు కంపెనీ వాళ్ళు దాన్ని జపాన్ పంపిచ్చారు. కొన్నేళ్ళు అక్కడే ఉంది, వాళ్ళ మాట నేర్చుకుంది, వాళ్ళ రాత చదవటం నేర్చుకుంది. ఆ చదువే దాన్ని ఈ గొడవలోకి దింపింది.

మావాడు అవినాష్ సాఫ్ట్‌వేర్. వాడి భయాలు చెప్పాలంటే తెల్లారుద్ది. గ్రీన్ కార్డ్ కోసం లైన్లో నిలబడీ నిలబడీ నెత్తి మీద జుట్టంతా పోయింది. ఉజ్వల కాగితాలు కూడా వాడి ఫైల్లోనే ఉన్నాయంట. ఇహ చూస్కోండి. వెనకాల పోలీసు కారు కనపడితే చాలు, స్టీరింగు తడిసిపోద్ది. నేను గుమ్మంలో కొబ్బరికాయ కొడితే, "అమ్మా, నైబర్స్ కంప్లైంట్ చేస్తారు" అంటాడు. ఒకసారి మా అసోసియేషన్ వాళ్ళు ఏదో కాగితం మీద సంతకం పెట్టమంటే, అది పార్కులో బెంచీలు వెయ్యమని అడిగే కాగితం, దానిక్కూడా పెట్టలేదు. "మన పేరు ఎక్కడా ఉండకపోతే మంచిదమ్మా" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నా. అప్పుడే చెంప పగలగొట్టాల్సింది.

ఊరి బయట ఒక పెద్ద షెడ్డుంది. పాత మిలిటరీ బళ్ళు తెచ్చి బాగుచేసుకునే ముసలాళ్ళు శనివారాలు అక్కడ చేరతారు. వాళ్ళల్లో గ్యారీ అని ఒకాయన, ఉజ్వల కంపెనీలోనే చేసి రిటైరయ్యాడు. ఆయనకో పిచ్చి పట్టింది. యుద్ధంలో ఓడిపోయాక జపాన్ వాళ్ళు చేసి చూసిన ఫిరంగి బండి ఒకటుందంట, దాన్ని అచ్చం అలాగే, అదే సైజులో, నడిచేటట్టు చెయ్యాలని. చేతిలో ఉన్నవి నాలుగు ఫొటోలు, జపాన్ పుస్తకాల్లో కొన్ని పేజీలు. చదవటం ఒక్కడికీ రాదు. అందుకని ఉజ్వలని పిలిచారు. చదివి పెడదామని వెళ్ళిన మనిషి అక్కడే అతుక్కుపోయింది.

శనివారం వస్తే బట్టలనిండా గ్రీజు పూసుకుని వచ్చేది. నేను తిట్టేదాన్ని. ఒకరోజు చపాతీలు చేస్తా అడిగా.

"ఏంటే తల్లీ ఆ బండి? దాంట్లో బంగారం ఉందా?"

అది చపాతీ పీట మీద అప్పడాల కర్ర పెట్టి చూపిచ్చింది. "ఇది బండి, ఇది ఫిరంగి అనుకోండి అత్తమ్మా. మామూలు ఫిరంగిని లారీకి కట్టి లాక్కపోవాలె, దించాలె, కాల్చాలె, మళ్ళ కట్టాలె. ఈలోపల అవతలోడు మన మీద కొడతడు. దీన్నయితే బండి మీదనే పెట్టిన్రు. కాల్చుడు, ఉరుకుడు."

"బానే ఉందిగా మరి."

"ఫిరంగి పెద్దది, బండి చిన్నది. కాల్చినప్పుడల్లా అది వెనక్కి తంతది." పీటని గట్టిగా వెనక్కి నెట్టింది. పిండి నా చీర మీద పడింది.

"అంత తెలిసీ ఎందుకు చేశారు?"

"యుద్ధం అయినంక చాలా ఏండ్లు వాళ్ళని ఇట్లాంటివి చెయ్యనియ్యలే. మళ్ళ మొదలుపెట్టేటప్పటికి చేతులకు అలవాటు పోయింది. అమెరికా వాళ్ళిచ్చిన పాత బండ్లు, పాత ఫిరంగులు ముందేసుకుని నేర్చుకున్నరు. చేసిన్రు, తిప్పి చూసిన్రు. మిలిటరీలకు మాత్రం తీసుకోలే."

"వద్దని పారేసిందాన్ని నువ్వు చేస్తావా?"

"పారేసిందే గానీ, కష్టపడకుండ చేసిన్రా అత్తమ్మా?"

చీర దులుపుకున్నా.

ఆ ఫొటోల్లో బండి పై భాగం బానే కనపడేది, కింద ఏవుందో కనపడదు. గొలుసు పట్టాలు ఎట్లా తిరగాలి, చక్రాలు ఎక్కడుండాలి, కింద మెలితిరిగే ఇనప కడ్డీలు ఎంత లావుండాలి, అదంతా నా కోడలే లెక్కలు కట్టి గీసింది. గీసి ఊరుకుందా? షెడ్డులో చలికి చేతులు పగిలి, రాత్రి కొబ్బరినూనె రాసుకునేది. ఒకసారి కడ్డీ ఒకటి విరిగితే మళ్ళీ మొదట్నుంచీ చేసింది. పైనున్న ఫిరంగి మాత్రం ఉత్త గొట్టం. కాల్చేదేం లేదు, దాంట్లో నిమ్మకాయ కూడా పట్టదు, మూతి మూసేశారు. రెండు చలికాలాలు నేను పులిహోర చేసి డబ్బాల్లో పెట్టి పంపా. గ్యారీకి నా పులిహోరంటే ప్రాణం. ఎర్రమిరపకాయ ఏరి పక్కన పెట్టి, మిగతాదంతా నాకేసేవాడు.

మొన్న ఆకులు ఎర్రబడ్డ రోజుల్లో ఒక శనివారం దాన్ని మొదటిసారి జనం ముందు నడుపుతామన్నారు. నేనూ వెళ్ళా. కొత్త బండిని పూజ లేకుండా కదిలిస్తారా ఎవరన్నా? కొబ్బరికాయ, పసుపు, కుంకం, నిమ్మకాయలు తీసుకెళ్ళా. వెళ్ళాక గానీ తెలీలేదు నాకు. కారుకైతే నాలుగు చక్రాలు, నాలుగు నిమ్మకాయలు. ఇది చూస్తే గొలుసు, నేలంతా పరుచుకుని ఉంది. ఎక్కడ పెట్టను? గ్యారీ వంగి చూసి, రెండు వేళ్ళు చూపిచ్చాడు, ఈ పక్కొకటి ఆ పక్కొకటి అని. సరే మంచివాడే అనుకున్నా. ముందు రేకు మీద బొట్టు పెట్టా.

"అమ్మా, పెయింటు పాడవుద్ది" అన్నాడు మావాడు.

"నీ మొహం. బండికి బొట్టు లేకపోతే అది పాడు."

అప్పుడు చూశా బోర్డుని. బండి పక్కన నిలబెట్టారు. ఫొటో ఉంది, కథ రాసుంది, కింద చేసినవాళ్ళ పేర్లు. నేను చదివింది మూడో క్లాసు. ఇంగ్లీషు రాదు. కానీ ఉజ్వల పేరు ఎట్లా ఉంటదో నాకు తెలుసు, మా ఇంటికొచ్చే అమెజాన్ డబ్బాల మీద రోజూ చూస్తా. పైనుంచి కిందకి వెతికా. కిందనుంచి పైకి వెతికా. లేదు.

"ఏమేవ్, నీ పేరేది?"

అది అప్పుడే చూసింది. మొహం తెల్లబోయింది. అడుగున చిన్నక్షరాల్లో ఉన్నది చదివి చెప్పింది. "జపనీస్ చదివిపెట్టిన ఒక ఫ్రెండ్‌కి థాంక్స్ అని రాసిన్రు." ఇంకాసేపు చూసి, "పోనియ్యండి అత్తమ్మా" అంది.

పోనివ్వాలా? నా పులిహోర తిని నా కోడలి పేరు మింగుతారా? నాకు ఒళ్ళు మండింది. అక్కడ మడత కుర్చీలు వేసున్నాయి. ఒకటి ఈడ్చుకెళ్ళి బండికి ఎదురుగా, రెండు నిమ్మకాయల మధ్య వేసుకుని కూర్చున్నా.

గ్యారీ వచ్చాడు. "మామ్, ప్లీజ్."

"నో," అన్నా. ఆ మాట వచ్చు నాకు.

జనం ఫోన్లు తీశారు. అవినాష్ పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా లే. పోలీసుల్ని పిలుస్తారు."

"పిలవమను. నా కోడలి పేరు ఎవడు తీశాడో వాళ్ళనే అడుగుతా."

ఆ మాటకి వాడు చెయ్యి వదిలేశాడు. ఎందుకు వదిలాడో నాకప్పుడు తట్టలేదు.

ఉజ్వల వచ్చి నా ముందు నిలబడింది. అంత కోపంగా దాన్ని నేనెప్పుడూ చూళ్ళేదు, అదీ నా మీద. "లేవండి అత్తమ్మా. నా పేరు అడగటం నాకు రాదా? నా తరఫున మీరు కూసుంటే నేనేం చిన్నపిల్లనా?"

"అడుగు మరి. నువ్వడిగాకే లేస్తా."

అది గ్యారీ వైపు తిరిగి అడిగింది. ఆయన టోపీ తీశాడు, పెట్టుకున్నాడు. ఏదో గొణిగాడు. నాకు ఇంగ్లీషు రాకపోవచ్చు. హజ్బెండ్ అన్న మాట నాకు బాగా తెలుసు. ఉజ్వల తిరిగి అవినాష్‌ని చూసింది. నేనూ చూశా. వాడు నేల చూపులు చూస్తున్నాడు.

నా కొడుకు! నేను కని పెంచిన కొడుకు! గ్యారీకి ఫోన్ చేసి దాని పేరు తీసెయ్యమన్నాడంట.

"ఉజ్జూ, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇక్కడనే చెప్పు."

"ఫిరంగి పక్కన నీ పేరుంటే, రేపు ఏ ఆఫీసరన్నా మన ఫైల్ తీసి గూగుల్ చేస్తే..."

"అది పైపు, అవినాష్. దానికి బెజ్జం కూడా లేదు."

"నాకు తెలుసు. వాళ్ళకి తెలియాలిగా. ఇన్నేళ్ళు ఆగాం. ఇప్పుడు ఒక్క ఫొటో వల్ల పోతే? నీ కోసమే చేశా."

"నన్నడిగినవా?"

అది ఇంగ్లీషులో గ్యారీని కూడా అదే మాట అడిగింది. నన్నడిగావా అని. ఆయనేమన్నాడో తెలుసా? మీ వాళ్ళల్లో మొగుడు చెప్తే అంతేనేమో అనుకున్నానన్నాడంట. కారులో ఉజ్వల చెప్పింది నాకు. మా వాళ్ళల్లో అంతేనంట! పక్కన నిలబడి రెండేళ్ళు ఇనుం కోసిన మనిషిని ఒక్కమాట అడగటానికి మా వాళ్ళ పద్ధతి అడ్డమొచ్చిందంట. తిండి తినేటప్పుడు మా పద్ధతి గుర్తు రాలేదు. అక్కడే తెలిసుంటే కుర్చీ ఎత్తేదాన్ని.

ఉజ్వల చెయ్యి చాపింది. గ్యారీ జేబులోంచి మార్కర్ తీసిచ్చాడు. అవినాష్ గొంతు తగ్గించి, "పోనీ ఫస్ట్ నేమ్ ఒక్కటి రాయి, సగం పేరుంటే చాలు" అన్నాడు. సగమంట!

అది మొత్తం రాసింది. ఇంటిపేరుతో సహా, పెద్దక్షరాల్లో. దాని కింద ఇంకో ముక్క రాసింది, కింద భాగమంతా గీసింది నేనే అని. దానికి భయం లేదనుకోకండి. ఆ ఫైల్లో దాని పేరూ ఉంది. పోతే దానిదీ పోద్ది. తెలిసే రాసింది.

నేను లేచి కుర్చీ పక్కకి లాక్కున్నా. అవినాష్ వెళ్ళి కార్లో కూర్చున్నాడు. ఉజ్వల బండెక్కి లోపలికి దిగింది. నల్లటి పొగ వచ్చింది. గొలుసు కదిలింది. నేలదిరింది, నా కాళ్ళకి తెలిసింది. బండి కొంచెం ముందుకెళ్ళి, ఊగి, సర్దుకుని, మళ్ళీ నడిచింది. జనం చప్పట్లు కొట్టారు. నేను కార్ వైపు చూశా. వాడు అద్దం దించలేదు.

ఇంటికొచ్చేటప్పుడు అది నా పక్కన వెనక సీట్లో కూర్చుంది. దారిలో వాడు, "అమ్మా, నువ్వన్నా అర్థం చేసుకో" అన్నాడు.

"నీ భయం నాకర్థమైందిరా. దాని పేరు నీ భయానికి కట్టే కప్పమా?"

ఇప్పుడు ఆ బోర్డు ఫొటోని షెడ్డు వాళ్ళు నెట్‌లో వాళ్ళ పేజీలో పెట్టారంట. నిన్న మావాడు మెల్లగా, "ఉజ్జూ, అది తీయించమని నువ్వే గ్యారీకి చెప్పరాదూ" అన్నాడు. అది ఉల్లిపాయలు తరుగుతోంది. తలెత్తలేదు. "నువ్వే అడుగు. ఈసారి నన్ను పక్కన కూసోబెట్టుకుని అడుగు" అంది.

ఇంకా అడగలేదు వాడు. రోజూ ఫోన్ తీస్తాడు, చూస్తాడు, పెట్టేస్తాడు. నేను మాత్రం వాడి కంచం టేబుల్ మీద పెట్టి నా గదిలోకి పోతున్నా. వడ్డించట్లా.