సీరియస్ అని ఫోన్ వస్తే

మా వైపు ఎవరికైనా సీరియస్ అని ఫోన్ వచ్చిందంటే ఆ మనిషి పోయినట్టే. దూరం నుంచి వచ్చేవాళ్లు దారిలో ఏమైపోతారోనని చావు కబురు ఫోన్లో చెప్పరు. సీరియస్‌గా ఉంది, రమ్మంటారు. నాన్న పోయినప్పుడు నాకలాగే చెప్పారు. నల్లగొండ బస్సులో నేను మొక్కని దేవుడు లేడు. దిగేసరికి ఇంటి ముందు పాడె కడుతున్నారు. తర్వాత చిన్నమ్మ పోతే తమ్ముడికి ఫోన్ చేసి నేనూ అదే మాట అన్నాను. ఇక ఆ మాటకు మోసపోనని గట్టిగా అనుకున్నాను. పెద్ద తెలివిగలదాన్ని మరి!

అక్కను ఎల్బీ నగర్‌లో ఒక దవాఖానలో చేర్చిన నాలుగో రోజు మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో, పనిచేసే చీరల షాపులో ఉన్నాను.

"అక్కకు సీరియస్ ఉంది. జల్ది రా."

అంతే, అక్క పోయిందనుకున్నాను. చీరల మధ్యనే కూలబడి ఏడ్చాను. మెట్రో ఎక్కితే పావుగంట దారి. కానీ ప్రాణం లేని అక్కను ఒక్కదాన్నే చూసే ధైర్యం రాలేదు. మలక్‌పేట నుంచి తమ్ముడు వచ్చేదాకా ఆగాను. ఈలోపు చుట్టాలకు ఫోన్లు చేశాను. పూలదండ కూడా కొన్నాను. నా చేతులు పడిపోను!

గంటన్నర తర్వాత మేం వెళ్లేసరికి బావ వార్డు బయట గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"పది నిమిషాలైంది," అన్నాడు.

"ఏంది బావా, పది నిమిషాలేంది?"

"పానం పొయ్యి. నీకు ఫోన్ చేసినప్పుడు మాట్లాడుతనే ఉండె. చెల్లెను పిలువుమని తనే చెప్పింది."

తమ్ముడు దండ ఉన్న కవర్‌ను వెనక్కి దాచాడు. బావ నన్ను తిట్టినా బాగుండేది. పక్కన కూర్చోబెట్టుకుని ఓదార్చాడు.

"ఊకో, నువ్వేం జేస్తవ్. ఇంక రాకపాయె అని నేను తలుపు దిక్కు చూస్తుంటే, మీ అక్కనే నాకు ధైర్యం చెప్పింది. 'పరేషాన్ గాకు, గీ టైముల ట్రాఫిక్ ఉంటది. అది రాకుండ ఉండదు' అన్నది."

అవును బావా, ట్రాఫిక్ అన్నాను.

బావకు ఇప్పటికీ నిజం చెప్పలేదు. అక్కకే చెప్పుకుంటాను, రోజూ, షాపులో చీరలు మడతపెడుతూ. వింటుందేమోననే నా భయం.