మేడమ్ దిగుతానన్నారు

మా పీఈటీ మేడమ్ పోయారని గరివిడిలో ఉన్న ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసి చెప్పింది నేనే. హిమాలయాల్లో, సిగ్నల్ అందిన మొదటి ఊళ్లోంచి. "అక్కకేటయిందమ్మా?" అన్నాడాయన. ఎత్తులో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందన్నాను. ఎవరి వల్లో అప్పుడు చెప్పలేదు.

విజయనగరం కాలేజీలో మాకు కొండలు అలవాటు చేసింది ఆవిడే. సంచుల్లో నౌపడ ఉప్పు నింపి రామతీర్థం మెట్లు ఎక్కించి దింపేవారు. పై ఎత్తుల్లో ముద్ద దిగదు, నిద్ర పట్టదు, బూటు లేసు కట్టుకున్నా ఆయాసమే. అలాంటి చోట ఆవిడ తడి మేజోళ్లు పొట్టకి ఆనించి ఆరబెట్టుకుంటూ ప్రతి గుడారంలోకీ తల దూర్చేవారు. "నీళ్లు తాగినావా? ఒంటేలుకి ఎల్లినావా? సిగ్గేటే, సెప్పు." తలనొప్పి దాచుకున్న పిల్లకి మాత్రం చీవాట్లు తప్పేవి కావు.

ఈసారి తలనొప్పి ఆవిడకే వచ్చింది. దాచలేదు. మేం దాటాల్సిన కనుమ కింద మకాంలో పొద్దున్నే, మమ్మల్ని నడిపిస్తున్న లీడరుతో చెప్పారు. "బాబూ, కూకున్నా ఊపిరందట్లేదు. నన్ను కిందకి దింపీ."

"నడిస్తే సర్దుకుంటుంది మేడమ్. మీతో ఒక మనిషిని పంపేస్తే ఇక్కడ నాకు చాలరు."

నేను తోడు దిగుతానన్నాను. మంచులో దారి తెలియనివాళ్లని పంపనన్నాడు. మధ్యాహ్నానికి ఆవిడ పెదాలు నీలంగా మారాయి. అప్పుడు ఆవిడని మోసుకుంటూ దిగాం. దారిలోనే పోయారు.

సంతాపసభకి ఆ లీడరు దండ తెచ్చాడు. ఫొటోకి వేసి, మైకు పట్టుకుని, "ఎంత చెప్పినా దిగనన్నారు. అంత పట్టుదల" అన్నాడు.

నేను లేచి వెళ్లి ఆ దండ తీసి అతని చేతిలో పెట్టాను. "మేడమ్ ఏటన్నారో సెప్పు. ఆల తమ్ముడు ఇన్నాల."

నేను అక్కణ్ణుంచి కదల్లేదు.

"దింపమన్నారు," అన్నాడు.

"మళ్లీ సెప్పు," అన్నాడు వెనక వరసలోంచి ఆవిడ తమ్ముడు.

మళ్లీ చెప్పించాం. నాకు తనివి తీరలేదు. కేసు పెట్టాం. అతను ఇంకెవరినీ కొండెక్కించకుండా చేసేదాకా వదలను. కక్ష అంటారా, అనండి. కక్షే.

ఆవిడ గుర్తు రాగానే నాకు ఆ పొద్దుటి చూపే కనిపిస్తోంది. అందరూ కనుమ వైపు సంచులు ఎత్తుకుంటున్నారు. ఆవిడ బండ మీద కూర్చుని, మేం ఎక్కివచ్చిన లోయకేసి చూస్తున్నారు. దిగేటప్పుడు ఆనుకోవడానికి చేతికర్రలు రెండూ అప్పటికే లాగి పొడుగు చేసుకున్నారు.