ఊరంతా ఒకే ఇంటిపేరు

తొమ్మిదో తరగతి మధ్యలో బడికి దండం పెట్టి వచ్చేసినవాణ్ణి నేను. అలాంటివాడి చేతిలో ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ వంశాలన్నీ పెట్టినారంటే, తప్పు నాదొక్కడిదే కాదు, పెట్టినవాళ్ళది కూడా.

మలంచా రోడ్డులో నాది కంప్యూటర్ రిపేరు కొట్టు. మా సంఘానికి ఒక జాబితా ఉండేది. రైల్వే పనికి వచ్చిన మా ముత్తాతల్లో కొందరు సొంత పేరుతో చేరలేదు. మేనమామకి వచ్చిన ఉద్యోగంలో మేనల్లుడు, రాలేకపోయిన బావ పేరు మీద బావమరిది. అలా ఎక్కిన ఇంటిపేరే కాగితాల్లో ఉండిపోయింది. లోపల అసలుది వేరే. సంబంధం వచ్చినప్పుడు చూసేది ఆ లోపలిదే. అది కలిసిందా, అబ్బాయీ అమ్మాయీ అన్నాచెల్లెళ్ళ వరస, మాట అక్కడితో సరి. ఏ ఇంటికి లోపలి పేరేటో ఒక రిటైర్డు గార్డు తాతగారు ఇల్లిల్లూ తిరిగి నోటుబుక్కులో రాసుకున్నారు. ఆ పుస్తకానికి చెదలు పడుతుంటే తెలుగులోనే కంప్యూటర్లోకి ఎక్కించినారు, పుస్తకం మిగల్లేదు. ఆయన పోయాక ఆ కంప్యూటర్ నా కొట్టుకి వచ్చింది.

"పాతదైపోయిందిరా, కొత్తదాంట్లోకి మార్చెయ్" అన్నారు పెద్దలు.

మార్చినాను. కొత్త మెషీన్‌లో డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వేసేటప్పుడు అది నన్ను 'నీ అక్షరాలు ఏ భాషవి బాబూ' అని అడగలేదు. మా ఊళ్ళో ఆటోవాళ్ళు మనిషి దిగిన వీధి చూసి బెంగాలీయా హిందీయా అని తేల్చేసుకున్నట్టే, అది సిస్టమ్ సెట్టింగులో ప్రాంతం ఏటని రాసుందో చూసి, అక్షరాల్ని ఏ పద్ధతిలో దాచాలో తనే నిర్ణయించేసుకుంది. నా మెషీన్‌లో ప్రాంతం అమెరికా, భాష ఇంగ్లీషు. పెట్టెలో వచ్చింది వచ్చినట్టే వదిలేసినాను, నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోయినాను. జాబితా తెరిస్తే, తెలుగుకి బదులు నెత్తిన గీతలూ చుక్కలూ టోపీల్లా పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరి ఉన్నాయి.

అక్కడ చేతులు కట్టుకుని కూర్చున్నా బాగుండేది. లోపల డేటా క్షేమంగానే ఉంది, సాఫ్ట్‌వేరే తప్పుగా చదువుతోంది. కానీ నాకు తెలివి ఎక్కువ. బాగుచేద్దామని అక్షరాలు దాచే పద్ధతిని ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్పించినాను. ఇంగ్లీషు అక్షరాల పట్టికలో తెలుగుకి చోటేదీ? చోటు దొరకని ప్రతి అక్షరానికీ అది ఒక ప్రశ్నార్థకం పెట్టింది. పెట్టేముందు 'కొన్ని అక్షరాలు పోవచ్చు, కానిమ్మంటావా' అని అడిగింది కూడా. ఎస్ నొక్కినాను. బడిలోనూ అంతే, ప్రశ్న చదవకుండానే జవాబు రాసేవాణ్ణి. పాత ఫైలు మీదే సేవ్ చేసినాను. పాత డిస్కు అంతకు ముందురోజే శుభ్రంగా తుడిచేసి ఉన్నాను. శుభ్రత విషయంలో నాకు ఎవరూ వంక పెట్టలేరు.

ఎవరికీ చెప్పలేదు. ఎవరు అడుగుతారులే అనుకున్నాను.

అడిగింది నా సంబంధమే. ముప్పయ్యారేళ్ళకి, నన్ను చూసి కూడా పారిపోని మొదటి సంబంధం. సుభాష్‌పల్లి అమ్మాయి, రక్తపరీక్షల ల్యాబ్‌లో పని. మా పిన్ని నన్ను తీసుకెళ్ళింది. నేను చెప్పిన జోకుకి ఆ అమ్మాయి నవ్వింది. ఇంకేటి కావాలి, నేను అయిపోయినాను.

వాళ్ళ మామ్మ టీ గ్లాసు నా చేతికిస్తూ, "అంతా బాగున్నాది గానీ, జాబితా చూసినావా నాయనా?" అంది.

"జాబితా వీడి చేతిలోనే ఉందమ్మా!" అంది మా పిన్ని, కలెక్టరు పదవి వచ్చినట్టు.

కొట్టుకొచ్చి తెరిచినాను. ఇంటి నంబర్లు తప్ప అన్నీ ప్రశ్నార్థకాలే. ఆ లెక్కన ఊళ్ళో అందరి ఇంటిపేరూ ఒకటే. మా పిన్నీ బాబాయీ కూడా అన్నాచెల్లెళ్ళే. మా ఇంటిదీ వాళ్ళింటిదీ రెండు వరసల్లో రెండు వేరే పేర్లు కొట్టేస్తే అడిగేవాడు లేడు. నా ఇంటి లోపలి పేరేటో నాకూ తెలీదు. మన సంగతి మనకి తెలీదా అని, జాబితా బాగున్నన్నాళ్ళూ నా వరస చూసుకోలేదు. కీబోర్డు మీద వేళ్ళు పెట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఆ అమ్మాయే కొట్టుకి వచ్చింది. "మామ్మ కనుక్కుని రమ్మంది."

అబద్ధం నోటిదాకా వచ్చింది. రేపు ఆ అమ్మాయి నవ్వినప్పుడల్లా గుర్తొస్తుందని భయమేసి, మానిటర్ ఆవిడ వైపు తిప్పినాను.

"ఇవేటివి?"

"ఇంటిపేర్లు."

"మీదేది?"

"అదిగో, ఆ ప్రశ్నార్థకాలది."

"మాది?"

"దాని కింద ప్రశ్నార్థకాలది."

"అయితే కలిసినట్టా, కలవనట్టా?"

జరిగిందంతా చెప్పినాను. ఎస్ నొక్కింది కూడా. ఆవిడ సంచిలోంచి ఒక నోటుబుక్కు తీసింది. "గార్డు తాతగారు తిరిగే కదా రాసినారు? మనమూ తిరుగుదాం. మీరు మాట్లాడండి, నేను రాస్తాను. పెన్ను మాత్రం మీకివ్వను."

మూడు ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగినాము. మొదట వాళ్ళింట్లోనే మామ్మ తమ లోపలి పేరు చెప్పింది, ఆ అమ్మాయి రాసుకుంది. తర్వాత ప్రతి గుమ్మంలోనూ టీ. దగ్గర దారి ఉన్నచోట కూడా నేను చుట్టుదారే చూపించినాను. ఊరు ఇంకొంచెం పెద్దదైతే బాగుండునని పుట్టాక మొదటిసారి అనుకున్నాను.

పూరీ గేట్ దగ్గర ఒక ముసలమ్మ ఉంది. వాళ్ళాయన, మా తాత ఒకే గ్యాంగులో పట్టాల పని చేసినారు. నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు ఆ పొడుగాయన మనవడివి కాదేటి? కాగితాల్లో మీ పైపేరు మీ ముత్తాత మేనమామది నాయనా. ముత్తాత సొంతది వేరే. మా ఆయన చెప్పేవోడు." ఆ పేరు చెప్పింది.

రాస్తున్న పెన్ను ఆగిపోయింది.

"ఏటమ్మా, సిరా అయిపోయిందేటి?" అంది ముసలమ్మ.

"లేదు బామ్మా." పూర్తిగా రాసింది. గుండ్రంగా, ఒక్క అక్షరం పోకుండా.

బయటికొచ్చాక సందులో నేను అడగలేదు. పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. అంతవరకూ నన్ను 'మీరు' అని తప్ప పిలవని మనిషి, ముందుకి నడుస్తూ, వెనక్కి చూడకుండా అంది.

"పద అన్నయ్యా. ఇంకా పదకొండిళ్ళున్నాయి."