కార్డులో ఒక్క పని

నేను చెబుతుంటే మా చెల్లి కూతురు రాస్తోంది. ముందు కార్డు సంగతి రాయమన్నాను. అది నాకు ఇప్పటికీ తేలలేదు.

మా ఊరి ఆడవాళ్లమంతా కలిసి కాఫీ షెడ్డు పెట్టుకున్నాం. పండు కోసి, పైతోలు తీసి, జిగురు పోయేదాకా నానబెట్టి, కడిగి, గింజ ఆరబెట్టాలి. మొదటి ఏడు ఎవరికి తోచిన పని వాళ్లం చేశాం. రెండో ఏడు షెడ్డు చూసుకునే మేడమ్ కార్డులు తెచ్చింది. మనిషికో కార్డు, కార్డులో ఒక్క పని పేరు. కార్డు లేకపోతే షెడ్డులో చోటు లేదు.

"నీకేం పని వచ్చమ్మా?" అని అడిగింది.

"ఏటి సెప్పమంటావమ్మా? పండు కోత్తాను, కడుగుతాను, మోత్తాను. సోళ్లు పండిత్తాను. అడ్డాకు ఇస్తర్లు కుడతాను. కొండసీపుర్లు కడతాను. ఎవరికైనా పురుడొత్తే నీళ్లు కాత్తాను."

"అన్నీ వద్దు. ఒకటి చెప్పు."

పక్కనున్న మా ఆడపడుచు అందుకుంది. "మా ఒదినకి ఉప్పు అని రాసెయ్యమ్మా. ఏ కూరలోనైనా ఏసుకోవచ్చు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల కలుక్కుమంది. నాకంటూ ఒకటి లేదా అని.

మా ఆయనకు ఒకటుండేది. జీలుగు చెట్టెక్కి కల్లు దించేవాడు. ఆయన దించిన కల్లే కావాలని పక్క ఊళ్ల నుంచి వచ్చేవారు. చెట్టు మీది నుంచి పడి తుంటి విరిగాక పోయేదాకా మూడేళ్లు గుమ్మంలోనే కూర్చున్నాడు. కూర్చుని చేసే పనులు లేకపోలేదు, కానీ నేర్చుకోవడం పరువు తక్కువ అనుకున్నాడు. ఆ మూడేళ్లూ కుండలో అంబలి నా అరవై పనుల్లోంచే వచ్చింది. అయినా ఆయన పోయిన రోజు అందరూ ఆయన చేతి పనితనమే చెప్పుకున్నారు. రేపు నేను పోతే ఏ పని పేరు చెబుతారు? ఇద్దరిలో ఎవరిది మంచి బతుకో నాకు తెలియడం లేదు.

"ఆరబెట్టడం రాసెయ్యమ్మా" అన్నాను చివరికి. ఏళ్ల తరబడి చోళ్లు, అంటే రాగులు, ఆరబెట్టినదాన్ని, ఇదెంత అనుకున్నాను.

షెడ్డు దగ్గర వల కట్టిన బల్లలున్నాయి. గింజ వాటి మీదే పొయ్యాలి. నాకేమో ఆ వల మీద ఎప్పటికి ఆరుతుందో అనిపించింది. మా చేను పక్క బండ మీద చోళ్లు ఒక్క పూటలో గలగలలాడతాయి. రెండు బుట్టల గింజ మోసుకెళ్లి ఆ బండ మీద పలచగా పరిచాను. మిట్టమధ్యాహ్నానికి గింజ మీది పొర పగుళ్లిచ్చింది.

మేడమ్ ఒక గింజ తీసి నా కళ్ల ముందు పెట్టింది. "ఎండ ముదిరితే దీనికి గుడ్డ కప్పాలి. నెమ్మదిగా ఆరాలి. చోళ్లు కాదమ్మా ఇది."

"బేగి ఆరిపోద్దనుకున్నానమ్మా."

ఆ రోజు కార్డు ఇవ్వలేదు. కోతలయ్యేదాకా చూస్తానంది, అప్పటిదాకా కార్డు లేకుండానే పని చెయ్యనిచ్చింది.

కడిగే మనిషికి జ్వరమొస్తే తొట్టి దగ్గర నేనే నిలబడ్డాను. గింజ నలిపితే జారకూడదు, గరగర తగలాలి. మామిడి టెంకల్లో జీడి వగరు పోయేదాకా ఏట్లో కడిగిన చెయ్యికి అది ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కోతకి మనుషులు తగ్గితే కొండెక్కాను. బుట్ట అడుగు ఊడితే అల్లాను. ఒకరోజు మా ఆడపడుచు "ఒదినా, ఇటు రా" అని కేకేస్తే, తొట్టి దగ్గర నుంచి నాకు చెల్లి వరసయ్యే ఇంకొకామె "ముందు ఇటు రా అప్పా" అంది. మధ్యలో నిలబడిపోయాను. ఇది గౌరవమా, చాకిరీయా?

కోతలయ్యాక మేడమ్ నా కార్డులో ఆ పనులన్నీ చిన్న అక్షరాలతో ఇరికించి పై ఆఫీసుకి పంపింది. ఆఫీసువాళ్లు తిప్పి పంపారు. ఒక్కటే ఉండాలట.

"ఇవాళే చెప్పాలమ్మా. లేదంటే నీ పేరు తీసేస్తారు."

"కడగడం సెప్పొదినా, నీ సెయ్యి మంచిది" అని మా ఆడపడుచు గిల్లింది.

నేనూ అదే అందామనుకున్నాను. నోరు తెరిస్తే "ఆరబెట్టడం" అని వచ్చింది.

మేడమ్ పెన్ను ఆపింది. "గింజ పగలగొట్టింది నువ్వే కదమ్మా?"

"మిగతాయి వచ్చు కదమ్మా. రానిది అదొక్కటే. అదే రాయి."

మేడమ్ అదే రాసింది. సరిగ్గా చెప్పానో తప్పు చెప్పానో ఇప్పటికీ తెలియదు. కార్డు చేతిలోకి రాగానే అడిగాను.

"గుడ్డ ఎన్ని గంటలకి కప్పాలమ్మా?"

మేడమ్ వల బల్లల వైపు నడిచింది. నేను వెనకాలే వెళ్లాను.