సత్తయ్య కాక మార్పించిన మాట

నిన్న ఉదయం మా పేటలోని బ్యాంకులో, నా పక్క కుర్చీలో ఉన్న పెద్దాయన చేతిలో ఫోను చిన్నగా రెండుసార్లు అదిరింది. పాస్‌వర్డ్ తప్పు కొట్టినప్పుడు వచ్చే అదురు అది. చూడకుండానే పోల్చుకోగలను. ఆయన ఫోనును దూరంగా పట్టుకుని చూసి, "ఇప్పుడు నేనేం తప్పు జేసిన?" అని తనలో తనే గొణుక్కున్నాడు. ఆ మాట వినగానే నాకు సత్తయ్య కాక గుర్తొచ్చాడు.

కాకా అని పిలిచేదాన్నే గానీ సత్తయ్య మాకు చుట్టం కాదు. సూరత్ పక్కనున్న సచిన్‌లోని ఒక బట్టల మిల్లులో ఇరవై ఏళ్లు మగ్గాలు నడిపాడు. ఆ చప్పుడుకు ఎడమ చెవి పోయాక, తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ వచ్చు కదా అని ఆయన్ను ఆఫీసు కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. సెలవు కావలసినవాళ్లు, గది మారాలనుకునేవాళ్లు, డ్యూటీ ఎప్పుడో తెలియనివాళ్లు అందరూ ఆ కిటికీకే వచ్చేవారు. ఆయన కుడి చెవి వాళ్ల వైపు తిప్పి, మాట పూర్తయ్యేదాకా వినేవాడు.

నేను సూరత్‌లోనే పుట్టి పెరిగిన మగ్గాల ఇంటి పిల్లను. చదువు ముగించి ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరిన ఏడాదే ఆ మిల్లు పనివాళ్ల కోసం ఫోన్ యాప్ తయారుచేసే పని మాకు వచ్చింది. డ్యూటీ చూసుకోవడం, సెలవు అడగడం అన్నీ ఇక అందులోనే. ఆఫీసులో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి, తెర మీద కనిపించే మాటలన్నీ తెలుగులో రాసే బాధ్యత నా మీద పడింది. పనివాడి టోకెన్ నంబరో పాస్‌వర్డో తప్పి లాగిన్ కుదరనప్పుడు ఎర్రటి అక్షరాల్లో వచ్చే వాక్యమూ నాదే: "చెల్లని వినియోగదారు. ప్రవేశం నిరాకరించబడింది." పుస్తకాల తెలుగు రాశానని లోపల కొంచెం గర్వపడ్డాను కూడా.

యాప్ మొదలైన వారం, ఎలా నడుస్తోందో చూడమని నన్ను మిల్లుకు పంపారు. అందులోని తెలుగంతా నేనే రాశానని వెళ్లిన రోజే కాకతో చెప్పుకున్నాను. మూడో రోజు పొద్దున ఒక పనివాడు కిటికీ దగ్గరకు పరుగెత్తుకొచ్చాడు. తన గదిలో ఉండే రాజమల్లు బట్టలు సర్దుకుని స్టేషన్‌కు వెళ్లిపోయాడట. రాజమల్లు జగిత్యాల దగ్గరి మనిషి. తల్లికి బాగోలేక ఊరికి వెళ్లి, చెప్పిన రోజు కంటే నాలుగు రోజులు ఆలస్యంగా ముందురోజే తిరిగొచ్చాడు. ఎందుకు వెళ్లిపోతున్నాడో ఎవరికీ చెప్పలేదు.

సత్తయ్య కాక వెంటనే లేచాడు. "నడువ్ బిడ్డా, నువ్వు గూడ రా," అన్నాడు. ఇద్దరం ఆటో ఎక్కాం.

రాజమల్లు ప్లాట్‌ఫారం చివర తన సంచి మీదే కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి తల దించుకున్నాడు.

"ఏందిర రాజమల్లు, చెప్పకుండ పోతున్నవ్?" అన్నాడు కాక, పక్కనే చతికిలబడుతూ.

"ఏం జెప్పాలన్నా? నన్ను తీసేసిండ్రు. ఫోన్ల తెలుగులనే రాసిండ్రు. నేను చెల్లనంట. లోపటికి రానియ్యరంట. నాలుగు రోజులు ఎక్కువైనయ్ గద, నా తప్పే. మల్ల మిమ్మల్ని అడిగి సిగ్గువోవుడెందుకని..."

అతను చాపిన ఫోనులో నా వాక్యం ఎర్రగా మెరుస్తోంది.

కాక ఫోను తీసుకుని నిదానంగా చూశాడు. "టోకెన్ నంబర్ ముందల సున్నా వెయ్యలే నువ్వు. కొత్త నంబర్లకు సున్నా ఉంటది. నువ్వు ఊర్లున్నప్పుడు మార్చిండ్రు." సున్నా చేర్చి ఫోను తిరిగిచ్చాడు. రాజమల్లు పాస్‌వర్డ్ కొట్టాడు. అతని పేరు, ఆ రోజు డ్యూటీ కనిపించాయి.

"గింతేనా?" అన్నాడు. నవ్వాడు. ఆ వెంటనే ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

రాజమల్లును మిల్లు గేటు దగ్గర దించాక ఉండబట్టలేక అడిగాను. "అది రాసింది నేనేనని ఎందుకు చెప్పలేదు కాకా?"

"చెప్తే ఏమైతది బిడ్డా? ఆయన నీ మీద కోపం జేస్తడు, నువ్వు ఏడుస్తవ్. ఫోన్ల మాట గట్లనే ఉంటది. పోయి గా మాట మార్చు."

మర్నాడు ఆయన తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, తను వెనక నిలబడ్డాడు. లాగిన్ కుదరక వచ్చినవాళ్లకు నేనే జవాబు చెప్పాలి. ఒక్కరితోనూ "ప్రవేశం నిరాకరించబడింది" అనలేకపోయాను. ఎదురుగా మనిషి ముఖం కనిపిస్తుంటే ఆ మాట నోట్లోంచి రాదు. "నంబర్ మళ్లీ ఒకసారి చూడన్నా" అనే అన్నాను. కాక వెనక నుంచి, "ఇప్పుడన్న మాటనే రాయి," అన్నాడు.

ఆఫీసులో అది అంత సులువు కాలేదు. నంబరు తప్పా, పాస్‌వర్డ్ తప్పా అని విడమరిచి చెబితే దొంగలకు దారి చూపినట్టేనని మా మేనేజరు అభ్యంతరం చెప్పాడు. అందులో నిజముంది. ఏం చేయాలో తోచక కాకను అడిగాను.

"దొంగోనికి చెప్పకు. రెండిట్ల ఏదో ఒకటి కలుస్తలేదు, జర మల్ల జూస్కో అను. గది అబద్ధం గాదు గద? కొట్టిన నంబరు మాత్రం చెరిపెయ్యకు. ఏం కొట్టిండో కండ్లవడితెనే గద తప్పు దొరికేది."

చివరికి తెర మీద ఇలా వచ్చింది: "టోకెన్ నంబరు గానీ పాస్‌వర్డ్ గానీ సరిపోలేదు. నంబరు ముందు సున్నా వేశారో లేదో చూడండి. దీనివల్ల మీ పనికి ఏమీ కాదు. ఇంకా కుదరకపోతే కిటికీ దగ్గర అడగండి." మూడో వాక్యం సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడా ఉండదని మా మేనేజరు కొట్టేయబోయాడు. రాజమల్లు సంగతి చెప్పాను. ఉండనివ్వమన్నాడు. కాక కళ్లద్దాలు తీసేసి, ఫోనును చేతి దూరంలో పట్టుకుని, అక్షరాలు ఆనేదాకా రెండుసార్లు పెద్దవి చేయించాడు.

నెల తిరిగేసరికి లాగిన్ కోసం కిటికీకి వచ్చేవాళ్లు తగ్గారు. ఆయనకు తోచడం లేదేమోనని అడిగితే, "గదే మంచిది. ఇప్పుడు వచ్చేటోళ్ల బాధలు నిమ్మలంగ వింటున్న," అని నవ్వాడు. రాజమల్లు ఇప్పటికీ ఆ మిల్లులోనే ఉన్నాడు. ఊరి నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు యాప్ నేర్పేది అతనే. కాక పని మానేసి బార్డోలీలో కూతురి దగ్గర నాలుగేళ్లున్నాడు. నిరుడు కన్నుమూశాడు.

ఇప్పుడు నా దగ్గర ఆరుగురు పనిచేస్తున్నారు. ఎవరు ఏ మాట రాసి తెచ్చినా, నా ముఖం చూసి పైకి చదవమంటాను. మొదట్లో వాళ్లకు వింతగా ఉండేది. పోయిన వారం కొత్తగా చేరిన కోమల్, పాస్‌వర్డ్ పదేపదే తప్పినవాళ్లకు కనిపించే మాటను హిందీలో రాసి తెచ్చింది. "మీ ప్రయత్నాలు ముగిశాయి. మీ ఖాతా..." అని నా ముఖం చూస్తూ మొదలుపెట్టి, మధ్యలోనే ఆగిపోయింది. "దీదీ, యే తో డాంట్ రహా హై," అని తనే కాగితం వెనక్కి లాక్కుంది. అది తిడుతున్నట్టుందని తనకే తోచింది. పది నిమిషాల్లో తిరిగొచ్చి, ఈసారి ఎక్కడా ఆగకుండా చదివింది: "మీ ఖాతా భద్రంగా ఉంది. పావుగంట ఆగి మళ్లీ ప్రయత్నించండి."