కొంగుముడిలో మాత్ర

హైదరాబాద్ నుంచి నల్లగొండ వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న ముసలాయనది హాలియా దగ్గర పల్లె. నేను నర్సునని తెలియగానే ఒళ్లోని సంచి దగ్గరికి లాక్కున్నాడు.

"మా ముసల్దానికి పసరు గొట్టంల రాయి పడ్డది బిడ్డా. నోట్లకెల్లి పైపేసి తీసిండ్రు. రాయి ఎల్లింది గని, లోపల వాపొచ్చి నాలుగొద్దులకు పాణం ఇడిసింది."

పిత్తనాళంలో రాయి అట్లా తీసేటప్పుడు క్లోమానికి ఆ వాపు రాకుండా ముందే మలద్వారంలో మాత్ర పెడతారు. ఒకటి చాలా, రెండు పెట్టాలా అని మా డాక్టర్లు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆయనకూ అదే చెప్పాను.

"ఒక్కటే ఇచ్చిండ్రంట. రెండిస్తే బతుకునా?" అని అడిగాడు.

అంతలోనే సంచిలోంచి ఆమె చీర తీసి కొంగుముడి విప్పాడు. "దినాలయినంక గిది దొరికింది. ఏం మందిది? దవాఖానల అడుగుదామని పోయిన, నోరు రాలే."

రేకు కూడా చించని అదే మాత్ర. తెర చాటున పెట్టుకొమ్మని ఎవరో చేతికిచ్చి ఉంటారు. సిగ్గుపడి ముడేసుకుని, పెట్టుకున్నానని చెప్పి ఉంటుంది. నేనూ ఎందరికో అట్లాగే చేతికిచ్చాను.

"నొప్పి మాత్ర, తాతా," అన్నాను.

"మల్ల నొస్తే ఉంటదని దాసుకున్నట్టుంది, పిచ్చిది," అంటూ అట్లాగే ముడి వేశాడు.

ఇప్పుడు మాత్ర పెట్టడానికి తెర వెనక్కి నేనే వెళ్తాను. డాక్టర్లు ఒకటా, రెండా అంటుంటే మాత్రం నా చూపు మంచం మీది మనిషి కొంగు మీదికే పోతుంది.