వదిన ఆ మిషన్‌కు పెట్టిన పేరు

నా చేతిరాత బాగుండదు, తప్పులు కూడా ఉంటాయి. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. మన్నించి చదువుకోండి.

మా వదిన పోయిందని అనంతపురం నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను నెట్ సెంటర్‌లో కంప్యూటర్ల మీద దుమ్ము తుడుస్తున్నాను. తుడిచిన కంప్యూటర్‌నే మళ్లీ తుడుస్తూ ఉండిపోయాను. ఆమె దగ్గర కంప్యూటర్ నేర్చుకున్న మీరంతా తలా ఒక పేజీ రాస్తున్నారని, నన్నూ రాయమని కబురు పంపారు. మీకు ఆమె మేడం. నాకు మా ఆయన అక్క.

మడకశిర బస్టాండు దగ్గర ఈ సెంటర్ ఆమె పెట్టించిందే. మా ఆయన బెంగళూరులో డ్రైవరు, సెలవు దొరికితే వస్తారు. అందుకని సెంటర్ నడిపేది నేను, తోడుగా కూర్చునేది మా అత్త. మూలనున్న పెద్ద మిషన్ సర్వర్. మిగతా కంప్యూటర్లకు నెట్ దాని నుంచే రావాలి. ప్రతి మిషన్‌కూ ఒక నంబరు, ఒక పేరు ఉంటాయని, ఏ పేరుకు ఏ నంబరో చెప్పే ఫైలు సర్వర్‌లో ఉంటుందని వదిన నేర్పింది. సర్వర్‌కు ఆమె తన తమ్ముడి పేరే పెట్టింది.

"వాడు ఇంట్లో ఉండి చేసిందేమీ ల్యా. వాని పేరన్నా పని చేస్తాదేమో చూద్దాం మే" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. మా ఇళ్లలో భార్య భర్త పేరు నోట పలకదు. పలికితే ఆయన ఆయుష్షుకు మంచిది కాదని మా అత్త నమ్మకం. ఆమె తన భర్త పేరు ఎక్కడైనా చెప్పాల్సి వస్తే ఇప్పటికీ పక్కవాళ్లతో చెప్పిస్తుంది. టైపు కొట్టడానికి నాకు ఇబ్బంది ఉండేది కాదు. వేళ్లకు లేని సిగ్గు నోటికి ఉంది.

వదిన ఎప్పుడొచ్చినా చీర కొంగున వేయించిన శెనక్కాయలు ముడేసుకుని వచ్చేది. మిషన్ ఎంత మొండికేసినా ముందు టీ తాగేది. నేను కంగారుపడి "చెడిపోయింది వదినా" అంటే ఒప్పుకునేది కాదు. "చెడిపోయిందనొద్దు. యాడిదాకా పోతాండాది, యాడ నిలబడింది, అది చెప్పు" అనేది. ఇంట్లో అన్నం మాడినా, మా ఆయన అలిగినా నేనిప్పుడు ఆ మాటే అనుకుంటాను.

ఒక ఏడు ఇంటర్ రిజల్ట్స్‌కు ముందు రోజు మాకు బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. బిగించడానికి వచ్చినతను తాను తెచ్చిన కొత్త నెట్ డబ్బాకూ మా సర్వర్‌కూ ఒకే నంబరు ఉందని సర్వర్ నంబరు మార్చి వెళ్లాడు. మరుసటి రోజు పొద్దున ఏ కంప్యూటర్‌లోనూ నెట్ లేదు. పిల్లలు వాకిట్లో గుంపుగా నిలబడ్డారు. మా అత్త చేటలో శెనక్కాయలు వొలుస్తూ, "ఈ డబ్బాలు అమ్మేసి గొర్రెలు కొందాం. నువ్వు వాటి ఎంట పోదువు" అంది. ఆమె ఉత్తమాట అనే మనిషి కాదు. నాకు ఈ కుర్చీ పోతుందని భయమేసింది. వదినకు ఫోన్ చేశాను.

"నంబరుతో పిలిచి చూడు" అంది.

పిలవడమంటే ఒక కంప్యూటర్‌లో టైపు కొట్టడం, అవతలి మిషన్ పలికితే తెర మీద జవాబు వరుసలు పడతాయి. కొత్త నంబరు కొట్టాను. "పలుకుతాండాది వదినా."

"అయితే దారి బాగుండాది. ఇప్పుడు పేరుతో పిలువు."

కొట్టాను. "పలకల్యా."

"ఎవరు పలకల్యా?"

"అదే... నీ తమ్ముడు."

"వాడు బెంగుళూరులో ఉండాడు మే. సరే, పేర్ల ఫైలు తెరిచి ఒక్కో వరుసా పైకి సదువు."

చదివాను. ఆ పేరున్న వరుస వచ్చేసరికి మా అత్త వొలవడం ఆపి నా వైపు చూసింది. నేను ఆ వరుసను నోటితోనే కాదు, కంటితో కూడా దాటేశాను.

"అన్నీ సదివినావా?"

"సదివినా."

"అన్నీ సరిగానే ఉండాయే. ఉండు, నేనే వస్తా."

ఆమెకు గుండె జబ్బు. ఎండలో తిరగొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ "వద్దు వదినా" అనలేదు.

మధ్యాహ్నం బస్సు దిగి వచ్చి, తలుపు పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఆ రోజు కొంగున శెనక్కాయలు లేవు, టీ కూడా అడగలేదు. ఫైలు తెరిచింది. ఆ వరుస దగ్గర ఆమె వేలు ఆగింది. పేరు పక్కన పాత నంబరే ఉంది. కంప్యూటర్లన్నీ సర్వర్‌ను పేరుతో పిలిచి, ఎవరూ లేని పాత నంబరు దగ్గరికి పోతున్నాయి. వదిన నంబరు మార్చి, పేర్లు చెప్పే ప్రోగ్రామును ఆపి మళ్లీ మొదలుపెట్టింది. పిల్లలు "వచ్చింది, వచ్చింది" అని కుర్చీల్లోకి దూకారు.

"ఈ వరుస సదవల్యా కదా నువ్వు?" అని మెల్లగా అడిగింది.

మా అత్తే జవాబు చెప్పింది. "మొగుని పేరు ఎట్ల చెప్తాది? మంచి కోడలు."

"మంచిదేలేమ్మా. కొంచెం నీళ్లియ్యి" అంది వదిన.

ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. మా అత్త నోట నన్ను మెచ్చుకున్న మాట ఇన్నేళ్లలో అదొక్కటే. అది గుర్తొచ్చినప్పుడల్లా వదిన తలుపు పట్టుకుని నిలబడ్డదే కనిపిస్తుంది.

బస్సు ఎక్కించేటప్పుడు, "ఆ మిషన్ పేరు మార్చు వదినా" అని బతిమాలాను.

"మార్చేది ఎంతసేపు? మారిస్తే నువ్వు ఎప్పటికీ చెప్పవు" అంది.

ఇంటికి పోయాక ఆమె మంచం పట్టింది. కోలుకుంది గానీ మునుపటిలా తిరగలేదు. ఆ ప్రయాణానికీ జబ్బు ముదరడానికీ సంబంధం లేదని డాక్టరు అన్నాడట. నా మనసు ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా "ఎవరు పలకల్యా మే?" అని అడిగేది. నేను "నీ తమ్ముడే" అనేదాన్ని. ఆమె అవతల నవ్వేది, దగ్గు వచ్చేదాకా.

చివరిసారి ఆసుపత్రిలో చూశాను. చెయ్యి పట్టుకుని, "మీ మిషన్ పేరేంది?" అంది. మంచం అవతల మా అత్త నిలబడి ఉంది. నేను ఆమె దుప్పటి సర్దాను. వదిన నా చెయ్యి తట్టి, "సరే, ఇంటికి పోయి చెప్పు" అంది.

మీరు రాసిన పేజీల్లో ఆమె మీ చేత ఏమేమి చేయించిందో ఉంటుంది. నా చేత చేయించాలనుకున్నది ఒక్కటే, అది ఆమె వినకుండానే పోయింది.

కర్మాంతరాలు అయ్యాక వచ్చి సెంటర్ తెరిచాను. మా అత్త ఇంకా అనంతపురంలోనే ఉంది. తలుపు దగ్గరగా వేసి, సర్వర్ ముందు కూర్చుని ఆ పేరు పైకి పలికాను. పలుకుతూనే కొట్టాను. సర్వర్ పలికింది. మనం ఆపేదాకా అది జవాబిస్తూనే ఉంటుంది, తెర మీద వరుస కింద వరుస పడుతూనే ఉంటుంది. నేను ఆపలేదు. కరెంటు పోయి తెర నల్లబడేదాకా చూస్తూ కూర్చున్నాను.

మా అత్తకు చదువు రాదు గానీ, చదివి వినిపించేవాళ్లు ఊళ్లో ఉన్నారు. ఈ కాగితం చదివాక దయచేసి కాల్చేయండి.